దూరాభారం

తెలుగువారి నోట 'దూరాభారం' అనే మాట తరచుగా వినిపిస్తుంది. నడిచే కాళ్లకు, బండి లాగే ఎడ్లకు ప్రతి క్రోసూ బరువైన రోజుల్లో పుట్టిన మాట అది. విమానం వచ్చాక క్రోసుల లెక్క గంటల లెక్కగా మారింది. అయినా ఆ మాటకు పనిలేకుండా పోలేదు.

పూర్వపు కృష్ణాజిల్లా మెట్టప్రాంతంలోని నందిగామ, జగ్గయ్యపేటల నుండి చదువుల కోసం, కొలువుల కోసం అమెరికా చేరిన బిడ్డలున్నారు. వారి తల్లిదండ్రులకు శాన్‌ఫ్రాన్సిస్కో ఎన్ని మైళ్లో తెలియకపోవచ్చు. అక్కడ పగలైతే ఇక్కడ రాత్రి అని మాత్రం తెలుసు. చలికాలంలో అక్కడి గడియారం మన గడియారం కంటే పదమూడున్నర గంటలు వెనుక ఉంటుంది. ఆ లెక్క చూసుకొనే వారు ఫోను చేతికి తీసుకుంటారు.

శాన్‌ఫ్రాన్సిస్కో, బెంగళూరు విమానాశ్రయాల మధ్య దూరం 13,993 కిలోమీటర్లు. గోళంపై ఈ రెండు నగరాల నడుమ దారాన్ని బిగించి పట్టుకుంటే అది ఉత్తరంగా అలాస్కా వైపు సాగి, ఆర్కిటిక్ అంచులను తాకి దిగివస్తుంది. గుండ్రని భూమిపై దగ్గరిదారి అదే. 2021 జనవరి 9వ తేదీ రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరిన ఎయిర్ ఇండియా విమానాన్ని మహిళా పైలట్లు ఉత్తరధ్రువం మీదుగా నడిపి, ఎక్కడా ఆగకుండా సుమారు 17 గంటలలో బెంగళూరు చేర్చారు. ఇక్కడ దిగేసరికి 11వ తేదీ తెల్లవారుజాము అయింది.

దూరం మారకపోయినా ప్రయాణకాలం మారుతుంది. ఎదురుగాలి వీస్తే గంటలు పెరుగుతాయి. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసివేసినప్పుడు, పశ్చిమ దేశాలకు వెళ్లే మన విమానాలు చుట్టుదారి పట్టవలసివచ్చింది. ఆపైన శంషాబాదులో దిగినవారికి జగ్గయ్యపేట చేరడానికి మరో నాలుగు గంటల రోడ్డు ప్రయాణం ఉంటుంది. నడుమ విమానం మారవలసివస్తే ఇల్లు చేరేసరికి ఒకటిన్నర రోజు గడిచిపోతుంది.

పండుగకు వచ్చేవారికి ఆ ఒకటిన్నర రోజు పెద్ద లెక్క కాదు. తండ్రి కన్నుమూశాడన్న కబురు అందినవారికి అది యుగం. ఇంటిముందు షామియానా కింద ఫ్రీజరు పెట్టె చుట్టూ కూర్చున్న బంధువులు "ఎంతవరకు వచ్చాడు?" అని ఒకరినొకరు అడుగుతుంటారు. ఒక్కొక్కసారి కొడుకు రాలేకపోతాడు. తమ్ముడి కుమారుడో, అల్లుడో తలకొరివి పెడతాడు. ఆ కార్యాన్ని సెల్‌ఫోను తెరపై చూసిన కొడుకుకు దూరాభారం అనే మాట అర్థం ఎవరూ చెప్పనక్కరలేదు.

నందిగామకు, జగ్గయ్యపేటకు నడుమ సుమారు 30 కిలోమీటర్ల దూరమే ఉంది. కారులో ముప్పావు గంట చాలు. ఆ ముప్పావు గంటకు నెలల తరబడి తీరిక దొరకని కొడుకులూ ఉన్నారు. సముద్రాల ఆవలనుండి సెలవు దొరికీ దొరకగానే పరుగున వచ్చే కూతుళ్లూ ఉన్నారు. వాకిట్లో కూర్చొని ఎదురుచూసే తల్లికి వీరిలో ఎవరు దగ్గరివారో చెప్పడానికి పటం అవసరం లేదు.