ఆమ్నీకి కొత్త తెలుపు, వెనక డోర్‌కి పాతదే

మా ఇంటి సంగతుల్లో ఈసారి బండి సంగతి. 1996లో మా నాయన కొన్న మారుతి ఆమ్నీ ఇంకా మాతోనే ఉంది. హిందూపురం మండీ నుంచి యశవంతపురకు చింతపండు బస్తాలు మోసిన బండి. ఇప్పుడు దానికి పెద్ద పనేమీ లేదు, ఆదివారం అమ్మను గుడికి తీసుకుపోతుంది, అంతే. పైకప్పు రంగు మాత్రం వెలిసిపోయి, చెయ్యి పెడితే సున్నంలా అంటుకుంటోంది. మళ్ళీ పెయింట్ కొట్టించాలా, వినైల్ ర్యాప్ వేయించాలా అని ఇంట్లో రెండు నెలలు ఇదే మాట.

పెయింట్ షాపువాళ్ళు కొడితే బండి మొత్తం కొడతామన్నారు, వెనక డోర్‌తో సహా. చిక్కంతా ఆ డోర్ దగ్గరే. దాని మీద హిందూపురం పెయింటర్ ఒకాయన బ్రష్‌తో రాసిన అక్షరాలున్నాయి: శ్రీ లేపాక్షి వీరభద్రస్వామి ప్రసన్న. ముదురెరుపు అక్షరం, పక్కన పసుపు నీడ. నేను చదివింది కన్నడ మీడియంలో. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళమే గానీ అక్షరాలు ఎవరూ నేర్పలేదు. స్కూలుకి పోయేముందు ఆ డోర్ దగ్గర నిలబడి కూడబలుక్కునేదాన్ని. ర, ద, భ, వ చూడగానే తెలిసిపోయేవి, తలకట్టు ఒక్కటే తేడా. శ దగ్గర, క్ష దగ్గర ఆగిపోతే నాయన చెప్పేవాడు. నా తెలుగు వాచకం ఆ డోరే.

అందుకే ర్యాప్ వైపు మొగ్గాము. రంగు మీద మళ్ళీ పంచాయితీ. తమ్ముడికి మ్యాట్ బ్లాక్ కావాలి. "నల్లబండి ఎండకి కుంపటిరా" అంది అమ్మ. నాయన ఒక్కటే అన్నాడు: "ఏ రంగన్నా వెయ్యండి, వెనక డోర్ జోలికి పోవద్దు."

దుబాయ్‌లో మా మేనత్త కొడుకు యాట్‌లకు ర్యాప్ వేసే పని చేస్తాడు. ఫోన్ చేసి "బావా, ఏ ఫినిష్ బాగుంటుంది?" అని అడిగాను. "రంగు తర్వాత. బండి ఎక్కడ నిలబడుతుంది, ఎవరు కడుగుతారు, అది చెప్పు ముందు" అన్నాడు. యాట్‌కి పైనుంచి ఎండ, కిందనుంచి నీళ్ళ మీద పడి తిరిగొచ్చే ఎండ. పైగా ఉప్పు. ముదురు రంగు వేడెక్కుతుంది, తొందరగా వెలుస్తుంది. మ్యాట్ ఫిల్మ్ చూడ్డానికి బాగుంటుంది గానీ నూనె చెయ్యి, పక్షి రెట్ట పడితే మరక పట్టుకుంటుంది, పాలిష్ పెట్టి రుద్దడానికి లేదు. గ్లాసీ కడగడానికి సులువు. సాటిన్ రెండింటికీ మధ్య. ఫిల్మ్ నీటిమట్టానికి పైనే వేస్తారట, నీళ్ళలో మునిగే భాగానికి వేరే పెయింట్ ఉంటుంది. మా ఆమ్నీకి సముద్రం లేదు. కానీ అది నిలబడేది వీధిలో రెయిన్ ట్రీ కింద, పైనుంచి జిగురు చినుకుల్లా పడుతుంటుంది. మ్యాట్ అక్కడే కొట్టుకుపోయింది.

తర్వాత టౌన్ హాల్ దాటి జేసీ రోడ్డుకు పోయాము. కారు సామాన్లకి బెంగళూరులో అందరూ పోయేది అక్కడికే. ఫిల్ములు ముఖ్యంగా రెండు రకాలు. కరిగించిన వినైల్‌ను పలచగా పోసి ఆరబెట్టి చేసేది కాస్ట్. వేడి రోలర్ల మధ్య సాగదీసి చేసేది క్యాలెండర్డ్. రెండోది చవకే, కానీ సాగదీసిన సరుకు మళ్ళీ ముడుచుకోవాలని చూస్తుంది, వంపుల దగ్గర, అంచుల దగ్గర లేస్తుంది. మెటాలిక్ తీసుకుంటే అన్ని ముక్కలూ ఒకే దిక్కుగా వెయ్యాలి, లేకపోతే ఒక తలుపు ఒక రంగు, ఇంకో తలుపు ఇంకో రంగులా కనిపిస్తుంది. ఇంకొకటి, ఫిల్మ్ కింద గట్టి పెయింట్ ఉండాలి. సున్నంలా రాలే పైకప్పును ముందు రుద్ది, పెయింట్ కొట్టించి, ఆ తర్వాతే ర్యాప్.

"అక్షరాల మీద కూడా వేసేద్దాం, కావాలన్నప్పుడు పీకేయొచ్చు" అన్నాడు తమ్ముడు. పీకేయొచ్చు, నిజమే. జర్మనీలో ట్యాక్సీలకు లేత దంతపు రంగు. అక్కడ చాలామంది వేరే రంగు కారు కొని ఆ రంగు ఫిల్మ్ వేసి తిప్పుతారు, అమ్మేటప్పుడు ఊడదీస్తారు. కానీ కింద ఉండేది కంపెనీ పెయింట్ అయితేనే ఆ లెక్క కుదిరేది. చేత్తో రాసిన ఎనామెల్ అయితే ఫిల్మ్‌తో పాటే ఊడొచ్చే ప్రమాదముంది. అక్షరాల అంచులు ఫిల్మ్ మీదికి ఉబ్బి కనిపిస్తాయి కూడా. కాబట్టి వెనక డోర్ వదిలెయ్యడమే.

వదిలేస్తే మిగతా బండి దానితో కలవాలి. పాత తెలుపు ఇన్నేళ్ళకు మీగడ రంగైంది. పక్కన పాలతెలుపు పెట్టి చూస్తే డోర్ మాసినట్టు కనిపించింది. దంతపు రంగు కలిసింది గానీ, ఆర్‌సీలో తెలుపని ఉంది, రంగు మారిస్తే ఆర్‌టీవోలో రాయించుకోవాలి. నేను చేసే టెస్టింగ్ పనిలో ఒకసారికి ఒక్కటే మార్చి చూస్తాము. అదే పద్ధతిలో నమూనా ముక్కలు డోర్‌కి ఆనించి పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం, సాయంత్రం ఐదుకి ఫోటోలు తీశాను. ప్రతిసారీ బండి అదే చోట, అదే దిక్కుకి. మూడు వేళల్లోనూ డోర్‌ను చిన్నబుచ్చకుండా నిలిచింది సాటిన్ పర్ల్ వైట్ ఒక్కటే. పాత ఎనామెల్‌కి మిగిలిన మెరుపూ దాదాపు అంతే. తమ్ముడు మొహం ముడుచుకున్నాడు, తర్వాత అద్దాల కవర్లు నల్లగా వేయించుకుని సర్దుకున్నాడు.

బండి షాపుకిచ్చే ముందురోజు ట్రేసింగ్ పేపర్ డోర్‌కి అంటించి అక్షరాలన్నీ పెన్సిల్‌తో దించుకున్నాను, నీడ గీతలతో సహా. నాయన పేపర్ కింది అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఈ రాత రాసేవాళ్ళు ఇప్పుడు అరుదు, స్టిక్కర్ కటింగ్ షాపుల్లో కంప్యూటర్ అక్షరాలే. మీ ఇంట్లో కూడా పాత బండి మీదో, అంగడి బోర్డు మీదో చేతిరాత తెలుగు ఉంటే, రంగుల క్యాటలాగ్ తెరవకముందే ఒక ఫోటో, ఒక ట్రేసింగ్ తీసి పెట్టుకోండి. మా కాగితం బీరువాలో, పాత ఇన్సూరెన్స్ కాగితాల పక్కన ఉంది.