26 పిట్టలు మిగిలిన దీవి

సీషెల్స్ అనగానే మనకి రీల్స్‌లో చూసిన తెల్లటి ఇసుక, గుండ్రటి గ్రానైట్ బండలు గుర్తొస్తాయి. నేనూ వాటి కోసమే వెళ్లా. తిరిగొచ్చాక మాత్రం అందరికీ ఓ పిట్ట గురించే చెబుతున్నా.

ఆ పిట్ట ఉండేది కజిన్ దీవిలో. ప్రాలిన్ నుంచి రెండు కిలోమీటర్లే. అయినా మన పడవని ఒడ్డుకి రానివ్వరు. సముద్రంలోనే ఆపి, దీవి వాళ్ల పడవలోకి ఎక్కిస్తారు. పొరపాటున ఒక్క ఎలుక దిగినా కొంప మునుగుతుందని భయం! హోటల్ లేదు, రాత్రి బస లేదు. దోమలు మాత్రం దండిగా ఉన్నాయి, పొడుగు చేతుల చొక్కా వేసుకెళ్లండి.

అందరూ పెద్ద తాబేళ్లతో సెల్ఫీలకి ఎగబడుతుంటే, గైడ్ ఆగమని సైగ చేశాడు. ఈల వేసినట్టు పాట. ఆకుల అడుగున పురుగులు ఏరుకుంటూ కనిపించింది సీషెల్స్ వార్బ్లర్. బరువు పదిహేను గ్రాములు. రంగు గురించి చెప్పడానికేం లేదు, దానికన్నా మన పిచ్చుకే నయం. కాళ్లకి మాత్రం రంగురంగుల రింగులు. ఇక్కడ దాదాపు ప్రతి పిట్టకీ ఉంటాయి. వాటిని చూసి ఏది ఏదో గుర్తుపట్టేస్తారు. పిట్టల ఆధార్ అన్నమాట.

ఇంత లెక్క ఎందుకంటే, ఒకప్పుడు లెక్కకి ఏమీ మిగల్లేదు. కొబ్బరితోటల కోసం అడవి నరికేశారు. 1968 నాటికి ప్రపంచం మొత్తమ్మీద మిగిలినవి 26. అన్నీ ఈ దీవిలోనే. ఆ ఏడాదే పక్షి సంరక్షకులు దీవినే కొనేశారు. కొబ్బరి మొక్కలు తీసేసి, అక్కడి సొంత చెట్లని పెరగనిచ్చారు. 1980ల్లో పిట్టలు మూడొందలు దాటాయి.

అప్పుడొచ్చింది ఇంకో చిక్కు. దీవి నిండిపోయింది! ఆడపిల్లలు చాలావరకు పుట్టింట్లోనే ఉండిపోయి, తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ పెంచడంలో తల్లికి సాయపడతాయి. మేత బాగున్న చోట తల్లులు ఎక్కువగా ఆడపిల్లల్ని, కరువు చోట మగపిల్లల్ని కంటాయని పరిశోధకులు తేల్చారు. "అంటే కలిగిన ఇంటికే కూతురా!" అని మా పడవలో ఒకావిడ తెగ నవ్వింది.

పక్కనే కజీన్ దీవి, కిలోమీటరున్నర. పేర్లు రెండూ ఫ్రెంచివే, బావామరదళ్లు అనుకోండి. కళ్లెదురుగా కనిపిస్తున్నా ఈ పిట్ట ఆ కాస్త నీళ్లు దాటదు. రెక్కలున్నాయి, దాటదంతే. దాంతో మనుషులే మోశారు. 1988లో 29 పిట్టల్ని అరీడ్ దీవికి, 1990లో మరో 29ని కజీన్‌కి, ఆ తర్వాత డెనిస్, ఫ్రిగేట్ దీవులకి. ఇప్పుడవి వేలల్లో ఉన్నాయి.

నా ఫోన్‌లో పడింది మాత్రం బోలెడు ఆకులు, సగం తోక, ఎర్ర రింగున్న ఒక కాలు.