రోజుకో పలక

"చెప్పులొక్కటే కాదమ్మా, చేతులు కూడా."

గుమ్మంలోనే ఆగిపోయాను. టీచర్ గారు వరండా చివరున్న కుళాయి చూపించారు. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాను. మా ఇంట్లో రెండు పిల్లులున్నాయి. వాటి వాసన నా చేతుల మీద ఈ ఇంట్లోకి రాకూడదు. లోపల ఇప్పటికే వాసనల లెక్కలు మారిపోయి ఉన్నాయి, వాటికి ఇంకొకటి కలపడం ఆవిడకు ఇష్టం లేదు.

విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో సముద్రపు గాలి తగిలే పాత డాబా ఇల్లు అది. బళ్లో సైన్సు చెప్పి రిటైరైన ఆవిడను వీధి వీధంతా టీచర్ గారనే పిలుస్తుంది. ఇంట్లో నాలుగు పిల్లులు: పదకొండేళ్ల గవ్వ, తెల్లటి పిండి, చారల చింత, నల్లటి మిరియం. నాలుగు రోజుల కిందట ఐదోది వచ్చింది. అయిదేళ్ల గండుపిల్లి, ఆపరేషన్ అయినది. పెంచుకున్నవాళ్లు ఇల్లు ఖాళీ చేసి వేరే ఊరికి వెళ్తూ అపార్టుమెంటు మెట్ల కింద వదిలేశారట. ఒంటి రంగు చూసి ఆవిడ బెల్లం అని పేరు పెట్టారు.

ఆ ఐదోది ఇంట్లో ఎలా కలుస్తుందో కళ్లారా చూడాలని అడిగితే, ఆవిడ ఒక షరతు పెట్టారు. "ఒక్కసారి చూస్తే ఏమీ తెలీదు. మూడుసార్లు రా. గది రోజుల్లో ఒకసారి, తలుపు రోజుల్లో ఒకసారి, హాలు రోజుల్లో ఒకసారి."

చూడాలనుకోవడానికి నా కారణం నాకుంది. రెండేళ్ల కిందట ఒక పెద్ద ఆడపిల్లిని దత్తత తెచ్చుకుని, బుట్టను తిన్నగా హాలు మధ్యలో పెట్టి తలుపు తీశాను. వాటికవే సర్దుకుంటాయనుకున్నాను. నిమిషంలో హాలంతా బొచ్చు ఎగిరింది. విడదీయబోయిన నా చేతి మీద లోతుగా కాటు పడింది. గాయాన్ని పదిహేను నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి ఆస్పత్రికి పరుగెత్తాను, రేబిస్ టీకాలు వేయించుకున్నాను. ఆ పిల్లి తొమ్మిది రోజులు మంచం కిందే ఉండిపోయింది. పదో రోజు దాన్ని తిరిగి అప్పగించి వచ్చాను. బుట్టలోంచి నన్ను చూసిన ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

గది

వెనక వైపు చిన్న గది. ఒకప్పుడు పుస్తకాల గదట. రెండు మూలల్లో తిండి గిన్నె, నీళ్ల గిన్నె. వాటికి దూరంగా మూడో మూలలో లిట్టర్ ట్రే. ఒక అట్టపెట్టెను బోర్లించి, పక్కన గుమ్మంలా కోసి, లోపల పాత దుప్పటి పరిచారు. బెల్లం అందులో ఉంది. నాకు కనిపించింది రెండు కళ్లే.

"నిలబడకు. నేల మీద కూర్చుని గోడ వైపు చూడు."

కూర్చున్నాను. కాసేపటికి దాని వైపు తిరిగి, కళ్లు మెల్లగా మూసి మెల్లగా తెరిచాను. ఇది నేను చదివి నేర్చుకున్నది. మనిషి అలా రెప్పలు వాలిస్తే పిల్లులు తిరిగి రెప్పలు వాలుస్తాయనీ, దగ్గరికి రావడానికి ఎక్కువ ఇష్టపడతాయనీ ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో ప్రచురించారు. మూడోసారికి పెట్టెలోని కళ్లు సగం మూసుకుని మళ్లీ తెరుచుకున్నాయి. టీచర్ గారు ఏమీ అనలేదు, నా భుజం తట్టారు.

ఈ గదిలో రెండు వారాలుండాలి. మొదటి కారణం రోగాలు. పిల్లులకు వచ్చే పార్వో కంటికి కనిపించకుండా ఒంట్లో కొన్ని రోజులు ఉండగలదు. బయటపడ్డాక పిల్లి కూనల్ని గంటల్లో తీసుకుపోగలదు. ఆ వైరస్ ఇంట్లో నేల మీద నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిలుకు చావదు, బ్లీచింగ్ కావాలి. అందుకే గదికి వేరే చెప్పులు, వేరే చీపురు. ఎఫ్‌ఐవీకీ లుకేమియా వైరస్‌కూ రక్తపరీక్ష చేయించారు. పార్వోకూ జలుబు వైరస్‌లకూ కలిపి వేసే టీకా, రేబిస్ టీకా వేయించారు. చెవుల వెనక తామర ఉందేమో టార్చిలైటుతో వెతికారు.

సాయానికి వచ్చే అమ్మాయి ఇదంతా చూసి, "అదేటమ్మా, పిల్లికి కూడా పురిటిగదా?" అందట.

"అంతేనే అన్నాను. పురిటిగది ఎందుకు పెట్టారు? పసిగుడ్డును నలుగురి చేతుల్లోంచి కాపాడ్డానికి. ఇదీ అంతే."

రెండో కారణం ఆవిడ ఇంకా నెమ్మదిగా చెప్పారు. "కుక్కకు మన వెంట ఉంటే చాలు, ఏ ఊరైనా సొంతూరే. పిల్లికి అలాక్కాదు. ఇల్లు పోతే దానికి సగం ప్రాణం పోయినట్టే. ముందు నాలుగు గోడలు తనవి అనిపించాలి. ఆ తర్వాతే అయిదో గోడ."

గోడకు తగిలించిన కాగితంలో రెండే గడులు: తిన్నది, పోసింది. మొదటి రోజు తిండి గడిలో సున్నా, రెండో రోజు రెండు చెంచాలు. బెదిరిన పిల్లి తిండి మానడం మామూలే గానీ రెండు రోజులు దాటితే పశువైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిందేనన్నారు. పస్తులుంటే పిల్లికి కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. గండుపిల్లి ట్రేలోకి మాటిమాటికీ వెళ్లి ముక్కుతూ చుక్క కూడా పోయకపోతే తెల్లారేదాకా ఆగకూడదు. మూత్రం బిగిసిపోవడం ఒకటి రెండు రోజుల్లోనే చంపగల జబ్బు.

తలుపు

ఇరవయ్యో రోజున వెళ్లేసరికి హాలు గచ్చు మీద సుద్దగీతలున్నాయి.

రెండడుగుల పలకలు పరిచిన హాలది. బెల్లం గది తలుపు నుంచి వంటింటి వరకు ఏడు పలకలు. ఒక్కో పలక అంచున ఒక గీత, పక్కన తేదీ, టీచరు చేతి గుండ్రటి అంకెలు. తలుపుకు లోపల వైపూ అలాగే గీతలు, అక్కడ నాలుగే పలకలు. రోజూ రెండు పూటలా మూసిన తలుపుకు అటొక గిన్నె, ఇటు నాలుగు గిన్నెలు. రెండు వైపులా తల ఎత్తకుండా తింటే మర్నాడు గిన్నెలు ఒక పలక దగ్గరికి జరుగుతాయి. ఒక్క పిల్లి నమలడం ఆపి తలుపు వైపు తేరిపార చూసినా మర్నాడు ఒక పలక వెనక్కి. ఆ పూట ఉడికించిన కవళ్ల చేపలు పెట్టారు. ఆ వాసనకు నాలుగూ తలుపు సంగతే మర్చిపోయాయి. గిన్నెలు రెండో పలక మీదున్నాయి.

దీనికి ముందు గుడ్డల పని జరిగింది. పాత నేతచీర కొంగును జానెడు ముక్కలుగా చింపి, ఒక ముక్కతో బెల్లం బుగ్గలు, గడ్డం కింద నిమిరి హాల్లో ఒక పక్కన వేశారు. పిల్లి బుగ్గల్లో వాసన గ్రంథులుంటాయి, మన కాళ్లకూ కుర్చీ కాళ్లకూ బుగ్గ రుద్దేది వాటితోనే. ఆ గుడ్డను గిన్నె కింద పెట్టకూడదు, ముక్కు దగ్గర పట్టకూడదు. వెళ్లి చూడాలో వద్దో పిల్లి ఇష్టం. గవ్వ ఒకసారి వాసన చూసి వెళ్లిపోయింది. మిరియం మాత్రం పై పెదవి ఎత్తి, నోరు కొంచెం తెరిచి, దేన్నో చూసి విస్తుపోయినట్టు ఉండిపోయిందట.

"అంగిట్లో చిన్న రంధ్రాలుంటాయి, వాటి పైన జాకబ్సన్ అవయవం. పాము నాలుక చాపి చేసే పనే ఇదీ. గుడ్డ మీద ఎవరున్నారో చదువుకుంటోంది." చెప్తున్నప్పుడు ఆవిడ గొంతులో పాత తరగతి గది పలికింది.

ఆ సాయంత్రం మొదటిసారి చెక్కతలుపు తెరిచారు. దాని వెనక దోమల కోసం వేయించిన జాలీ తలుపుంది. మన ఊళ్లలో చాలా ఇళ్లకు ఉండే ఆ జాలీ ఈ పనికి చేయించినట్టుగా ఉంటుంది. గాలి దూరుతుంది, చూపు దూరుతుంది, పంజా దూరదు. జాలీకి తువ్వాలు కట్టి, కింద జానెడు మేర మాత్రం వదిలారు. తలుపు తెరిచింది కూడా అరచేయంతే.

మిరియం తింటూ తింటూ ఆగింది. జాలీ అవతల బెల్లం ముందు కాళ్లు రెండు కనిపిస్తున్నాయి. మిరియం చెవులు పక్కకు వాలాయి. తోక కొస మాత్రం నేల మీద టపటపా కొట్టుకుంది. బెల్లం బుస్సుమంది. నా గుండె దడదడలాడింది, రెండేళ్ల కిందటి హాలు కళ్ల ముందుకొచ్చింది. టీచర్ గారు కదల్లేదు. "బుస్ అంటే దగ్గరికి రాకు అని, అంతే. ఆ మాట చెప్పుకోనివ్వాలి." మిరియం రెండు క్షణాలు చూసి, తల తిప్పి, గిన్నెలోకి వంగింది. ఆవిడ అప్పుడే తలుపు మూసేశారు. మొత్తం అర నిమిషం.

"ఇంకాసేపు ఉంచితే?" అన్నాను.

"బాగున్నప్పుడే ఆపాలి. రేపటికి గుర్తుండాల్సింది చివర చూసిందే."

కాఫీ తాగుతూ నేను చదివిన ఇంకో సంగతి చెప్పాను. అప్పటికే పిల్లి ఉన్న ఇళ్లకు ఆశ్రయ కేంద్రం నుంచి ఇంకో పిల్లిని తెచ్చుకున్నవాళ్లను అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు విచారించి, 2005లో ఫలితాలు ప్రచురించారు. మొదట్లో గోళ్లతో, పళ్లతో పోట్లాట దాదాపు సగం ఇళ్లలో జరిగింది. తొలి కలయికలోనే కొట్టుకున్నవి ఆ తర్వాతా కొట్టుకునే అవకాశం ఎక్కువని కూడా తేలింది.

ఆవిడ తలూపారు. "వీటి పూర్వీకులు ఆఫ్రికా అడవిపిల్లులు. ఒంటరిగా వేటాడి ఒంటరిగా తిన్నవి. కుక్కల్లా తోకాడించి, వెల్లకిలా పడి, తప్పయిందని చెప్పుకునే పద్ధతి వీటికి సరిగ్గా రాదు. ఒకసారి చెడితే అతకడం కష్టం. అందుకే చెడకుండా చూసుకోవాలి." నా చేతి మీద మచ్చ వైపు చూశారు. "నువ్వు చెడ్డదానివి కాదమ్మా. తొందరపడ్డావు."

హాలు

నలభై ఏడో రోజు. మెట్లెక్కుతూనే అడిగాను, కలిశాయా అని. ఆవిడ ముందు ఇరవై తొమ్మిదో రోజు సంగతి చెప్పారు.

ఆ తెల్లవారుజామున వంటింటి కిటికీ మీదికి వీధి గండుపిల్లి వచ్చి కూర్చుందట. లోపల్నుంచి దాన్ని చూసిన మిరియం కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగి, అందని శత్రువు మీది కోపాన్ని పక్కనున్న చింత మీద తీర్చుకుంది. మూడేళ్లుగా ఒకే జంపఖానా మీద పడుకున్న జంట అది. చింత బీరువా మీంచి సజ్జ మీదికెక్కి సాయంత్రం దాకా దిగలేదు. టీచర్ గారు చెయ్యి పెట్టలేదు. తలుపు పక్కన సిద్ధంగా ఉంచుకున్న పెద్ద అట్టముక్కను మధ్యలో దించి, మిరియాన్ని చీకటి గదిలో ఒక పూట ఒంటరిగా ఉంచారు. తర్వాత ఆ రెండింటికీ కొత్తవాళ్లకు చేసినట్టే మళ్లీ గుడ్డలు, గిన్నెలు. బెల్లం గిన్నె కూడా చివరి పలకకు వెనక్కి పోయింది. కిటికీ కింది అద్దాలకు కాగితం అంటించారు.

నేల మీద చూశాను. పాత గీతల పక్కనే కొత్త తేదీలు. పాతవాటిని ఆవిడ తుడవలేదు.

"వెనక్కి పోవడం ఓటమి అనుకుంటాం. ఎక్కాలు మర్చిపోయిన పిల్లాడికి మళ్లీ ఒకటో ఎక్కం నుంచి చెప్పలేదూ? ఇదీ అంతే," అన్నారు.

హాలు కూడా మారింది. అయిదు పిల్లులకు ఆరు లిట్టర్ ట్రేలు, ఆరూ ఆరు చోట్ల. వరసగా ఒకే మూల పెడితే పిల్లి లెక్కలో అది ఒకటే. బీరువా పక్కన స్టూలు, దాని పైన సజ్జకు వేసిన చెక్క, దిగడానికి అటువైపు ఇంకో దారి. ఇంట్లో ఎవరూ ఏ మూలా చిక్కుకుపోకూడదు. ఆవిడ నాకు పదే పదే చూపించింది ఇదే. అరుపులూ బొచ్చు ఎగరడమూ మనకు కనిపించే పోట్లాట. కనిపించనిది వేరే ఉంది. ఒక పిల్లి గుమ్మానికి అడ్డంగా, హాయిగా పడుకున్నట్టు ఉంటుంది. ఇంకొకటి ఆ గుమ్మం దాటలేక, ట్రేకు వెళ్లలేక, మంచం మీద పాడుచేస్తుంది. తిట్లు రెండోదానికి పడతాయి.

సాయంత్రం ఆరింటికి ఆవిడ బెల్లం గది తలుపులు రెండూ తీశారు. నేను అట్టముక్క పట్టుకుని గోడకు ఆనుకున్నాను. బెల్లం గుమ్మంలో ఆగి, గాలి పీల్చి, సుద్దగీతల మీదుగా నడిచి వచ్చింది. మొదటి రోజు పెట్టెలో రెండు కళ్లుగా చూసిన పిల్లి అది. తోక నిటారుగా లేచి, కొస కొంచెం వంగి ఉంది. గవ్వ కళ్లు తెరిచి మళ్లీ మూసుకుంది. పిండి, చింత టీచర్ గారి చేతిలో ఈకల కర్ర వెంట పడ్డాయి. మిరియం స్టూలు మీంచి చూస్తోంది.

బెల్లం స్టూలు దగ్గరికి వచ్చింది. నా చేతిలో అట్ట కొంచెం పైకి లేచింది. టీచర్ గారు వద్దన్నట్టు తలూపారు. బెల్లం తల ఎత్తలేదు. స్టూలు కాలికి బుగ్గ రుద్ది, అటు వైపు నడిచి, కిటికీ దగ్గర కూర్చుని కాలు నాక్కోవడం మొదలుపెట్టింది. మిరియం దిగింది. బెల్లం రుద్దిన చోటే ముక్కు ఆన్చింది. చాలాసేపు వాసన చూసింది. తర్వాత అదే చోట తన బుగ్గ రుద్ది, మూడు బారల దూరంలో, వీపు చూపిస్తూ కూర్చుంది. ఇద్దరి మధ్య ఉన్నది ఖాళీ గచ్చు, ఒకే స్టూలు కాలి మీద రెండు వాసనలు.

పది నిమిషాలయ్యాక బెల్లాన్ని గిన్నె చూపించి గదిలోకి తీసుకెళ్లారు.

"ఇవి ఎప్పటికైనా కలిసి పడుకుంటాయా?" అని అడిగాను.

"పడుకోవచ్చు, పడుకోకపోవచ్చు. అది నా చేతిలో లేదు. ఎవరి తిండి వాళ్లు తిని, ఎవరి నిద్ర వాళ్లు భయం లేకుండా పోగలిగితే నాకు చాలు. పెద్దయ్యాక ఇల్లు పోయినవాడికి అంతకన్నా ఏం కావాలి?"

నేను అప్పగించేసిన పిల్లిని తర్వాత ఒక పెద్దావిడ తీసుకున్నారని విన్నాను. ఆ ఇంట్లో వేరే పిల్లులు లేవు. దానికి నేను ఇవ్వలేకపోయింది ప్రేమ అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. నేను ఇవ్వనిది నలభై ఏడు రోజులు.

ఇంటికి వచ్చి చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాను. మేము సామాన్లు పెట్టుకునే గదికి జాలీ తలుపుంది, ఎప్పుడూ మూసే ఉంటుంది. దాని ముందు నిలబడి వంటింటి దాకా పలకలు లెక్కపెట్టాను. తొమ్మిది.