పొట్టు పొయ్యి

పాత ఇటుక పొయ్యిలో బిగించిన గ్యాస్ మంట మాది. చూడ్డానికి ఖూబ్‌సూరత్, వేడి మాత్రం చాలావరకు చిమ్నీలోంచి పైకే పోయేది. వెర్మాంట్ చలికి అమ్మీ మోకాళ్లు పట్టేసి, నమాజ్ కుర్చీలోనే చదివేది.

అందుకే ఆ జాగాలో పెల్లెట్ స్టవ్ ఇన్సర్ట్ పెట్టిద్దామని ఇరాదా చేసుకున్నాను. చిమ్నీ చూడ్డానికి వచ్చినతను, "ఇటుకలది గనక కుదురుతుంది. రేకు గ్యాస్ పెట్టెలో అయితే ఇది పెట్టకూడదు. లోపల స్టీలు గొట్టం దించాలి" అన్నాడు.

దుకాణంలో 40 పౌండ్ల సంచి విప్పి చూపించారు. అమ్మీ ఒక గుళిక నలిపి, "అరే, ఇది రంపప్పొట్టే కదా!" అంది. కర్నూల్లో రేకు డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు దట్టించి, సీసా లాగేసి అంటించేది. మా బచ్‌పన్ అంతా ఆ పొయ్యి మీది అన్నమే.

గుళికల్ని మోటారు తోస్తుంది, ఫ్యాన్ వేడిని గదిలోకి పంపుతుందని దుకాణంవాళ్లు చెబుతుంటే అమ్మీ నా వైపు తిరిగింది. "కరెంట్ గయే తో క్యా కర్తే బేటా?"

నాకా సవాల్ తట్టనే లేదు. మా గ్యాస్ మంట కరెంటు పోయినా వెలిగేది. ఇది ఆగిపోతుంది. మంచు తుఫానుకి కరెంటు పోవడం ఇక్కడ మామూలే.

నేను మనసు పడ్డ పెద్ద అద్దం మోడల్ వదిలేసి, బ్యాటరీ తగిలించే సాదా మోడల్ తీసుకున్నాం. బూడిద తీసే పని నాది. ఫజర్‌కి అమ్మీ దాని పక్కనే జానిమాజ్ పరుస్తుంది. కుర్చీ ఇంకా ఉంది గానీ, సజ్దాకి కిందికి దిగే రోజులు పెరిగాయి, అల్‌హందులిల్లా.