స్వలీనత అనే మాట

పేరు పెట్టేవారు సాధారణంగా వెలుపల నిలిచి చూసినవారు. ఆ పేరు ఎంతవరకు తగినదో చెప్పవలసినవారు దానిని మోసేవారు. ఆటిజమ్ అనే స్థితికి హిందీలో ‘స్వలీనత’ అని పేరు. తనలో తాను లీనమైపోవడమని దాని భావం. అనువాదంగా చూస్తే ఇందులో దోషం లేదు. స్విట్జర్లండు మనోవైద్యుడు యూజెన్ బ్లాయిలర్ 1911 ప్రాంతంలో వేరొక మానసిక రుగ్మతను వర్ణిస్తూ, గ్రీకు భాషలో ‘తాను’ అనే అర్థమిచ్చే శబ్దం నుంచి మూలపదాన్ని కల్పించారు. 1943లో అమెరికాలో లియో కానర్ 11 మంది పిల్లలను గూర్చి ప్రకటించిన వ్యాసం తరువాత, బాల్యం నుంచే కనబడే ఒక స్థితికి అది పేరుగా స్థిరపడింది. తెలుగువారు ఆ పరభాషాపదాన్నే ఉంచుకొన్నారు. హిందీ మాట మూలానికి విధేయంగానే ఉన్నది. ఆ మూలం మనిషికి విధేయంగా ఉన్నదా అన్నదే విచారింపదగిన విషయం.

ఈ ప్రశ్నకు సూటియైన సమాధానం ఒక పిల్లల నవలలో లభిస్తుంది. దాని రచయిత్రి ఎల్ మెక్‌నికల్ స్కాట్లండు దేశీయురాలు. తాను ఆటిజమ్ గల వ్యక్తినని బహిరంగంగా చెప్పుకొన్నవారు. అటువంటి పిల్లలు అంతకుముందు కథలలో కనబడకపోలేదు. అయితే చాలాచోట్ల వారు ఇతరుల ఓర్పును పరీక్షించడానికో, ఇతరులకు ఏదో నీతి బోధించడానికో వచ్చేవారు. కథ చెప్పే గొంతు వారిది కాదు. మెక్‌నికల్ ఆ గొంతును ఆడీ అనే పదకొండేండ్ల బాలికకు ఇచ్చారు. నైట్స్ ఆఫ్ అనే చిన్న ప్రచురణసంస్థ 2020లో వెలువరించిన ‘ఎ కైండ్ ఆఫ్ స్పార్క్’ అనే ఆ నవలకు 2021లో బ్లూ పీటర్ పురస్కారం, వాటర్‌స్టోన్స్ బాలసాహిత్య బహుమతి లభించాయి.

ఆడీ ఉండేది స్కాట్లండులో జూనిపర్ అనే కల్పితగ్రామం. సొరచేపలంటే ఆమెకు ప్రాణం. చప్పుళ్ళు, కాంతులు, స్పర్శలు తక్కిన పిల్లలకంటె ఆమెను తీవ్రంగా తాకుతాయి. దస్తూరి బాగులేదన్న కోపంతో ఉపాధ్యాయురాలు తరగతి ఎదుటనే ఆమె రాసిన కాగితాన్ని చింపివేస్తుంది. పూర్వం ఆ ఊరిలో మంత్రగత్తెలన్న నెపంతో స్త్రీలను చంపిన సంగతి పాఠంలో విన్న నాటినుంచి ఆడీ మనస్సు కుదుటపడదు. నలుగురివలె మెలగకపోవడమే ఆ స్త్రీల నేరమైతే, తానును ఆనాడు పుట్టి ఉంటే ఏమయ్యేదో ఆమె గ్రహిస్తుంది. వారి స్మృతికి ఒక చిహ్నం నిలపాలని గ్రామపెద్దలను అడుగుతుంది. వారు కాదంటారు. ఆమె మరల అడుగుతుంది.

ఈ కథకు ఆధారమైన చరిత్ర మాత్రం కల్పితం కాదు. మంత్రవిద్యను నేరంగా నిర్ణయించిన శాసనం స్కాట్లండులో 1563 నుంచి 1736 వరకు అమలులో ఉండేది. ఎడింబరో విశ్వవిద్యాలయ పరిశోధకులు కూర్చిన జాబితాలో 3,837 మంది నిందితులున్నారు. వారిలో నూటికి 80 మందికి పైగా స్త్రీలే. నవల వెలువడిన తరువాత, వేరుగా సాగిన ఒక ఉద్యమ ఫలితంగా, 2022 మార్చి 8న ఆనాటి ప్రథమమంత్రి నికోలా స్టర్జన్ వారి విషయమై శాసనసభలో క్షమాపణ చెప్పారు. శతాబ్దాల క్రితం మరణించిన అపరిచితుల బాధను తన బాధగా తలచిన ఆడీని తనలో తాను లీనమైనదని ఎట్లా అనగలం?

ఆడీ అక్క కీడీ కూడా ఆటిజమ్ గల వ్యక్తే. అయితే ఆమె బయటివారి ఎదుట తన సహజరీతిని అణచుకొని, అందరివలె కనబడడానికి ప్రయాసపడుతుంది. ఈ ముసుగు ఎంత అలసటను మిగులుస్తుందో నవల చూపుతుంది. ఆమె పేరుతోనే ఆమె బాల్యకథ 2024లో వేరొక నవలగా వచ్చింది. చూచేవారికి ముడుచుకొని పోవడంగా తోచేది చాలాసార్లు ఈ అలసటయే. లోకం తనను పట్టనందువల్ల కాదు, మితిమీరి పట్టినందువల్ల ఆ మనిషి తలుపు వేసుకొంటాడు.

ఆ తలుపు తెరిచే పని పుస్తకంతో ముగియలేదు. మెక్‌నికల్ పాఠశాలలకు, పుస్తకోత్సవాలకు వెళ్ళి పిల్లలతో సంభాషిస్తారు. వైకల్యానుభవాన్ని సత్యంగా చిత్రించిన బాలల కథలకు ఏడ్రియన్ బహుమతిని నెలకొల్పారు. నవల 2023లో టెలివిజన్ ధారావాహికగా వచ్చినప్పుడు ఆడీ, కీడీ పాత్రలను అటువంటి స్వభావం గల నటీమణులే ధరించారు. బ్రిటన్‌లో పలు రంగశాలలు దీపాల వెలుగును, ధ్వనిని తగ్గించి, పిల్లలు మధ్యలో లేచివెళ్ళి తిరిగి రావడానికి వీలిచ్చే ప్రదర్శనలు కూడా ఏర్పాటు చేస్తున్నవి. సభ తీరు మారితే, సభకు రానివారనుకొన్నవారు వస్తారు.

భారతదేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను పేర్కొన్నది. వాటిలో ఆటిజమ్ ఒకటి. ఆ చట్టం వల్ల బడిలో చోటు అడిగే హక్కు పిల్లవానికి ఏర్పడింది. ఆ బడి గ్రంథాలయంలో తనవంటి పిల్లవాడు కథానాయకుడై కనబడే పుస్తకం ఉండడం మాత్రం రచయితల, అనువాదకుల, ప్రచురణకర్తల చేతిలో ఉన్నది. అటువంటి పుస్తకాలు తెలుగులోను, హిందీలోను పెరిగిన కొద్దీ ‘స్వలీనత’ అనే మాట నిలుస్తుందో మారుతుందో, దానిని మోసే పిల్లలే పెరిగి పెద్దవారై నిర్ణయిస్తారు. వారు మాట్లాడే దినానికి వినేవారు సిద్ధంగా ఉండడం నేటి పెద్దల ధర్మం.