ఇంటిని వెంటబెట్టుకుని సరిహద్దు దాకా

సూరత్ పాతనగరానికీ రింగురోడ్డుకూ నడుమ ఉన్న సలాబత్‌పురా ఒకప్పుడు కోటగోడ వెలుపల వెలసిన పేట. 1664లో శివాజీ సైన్యం నగరాన్ని కొల్లగొట్టి వెళ్ళిన తరువాత ఇక్కడ ఇటుకగోడ లేచింది. ఆ గోడా పోయింది, దానికి వెలుపల కట్టిన రెండవ గోడా పోయింది. సహారా దర్వాజా, మాన్ దర్వాజా, ఉధనా దర్వాజా అన్న పేర్లు మాత్రం ఆటోవాళ్ళ నోళ్ళలో నిలిచి ఉన్నాయి. లోపలికి అడుగుపెట్టిన కొత్తమనిషికి దారి దొరకదు. వీపులు వంచి బట్టల మూటలు మోసే కూలీలు, మూటపై మూట పేర్చిన చిన్న టెంపోలు, బేరమాడే వ్యాపారులు, పక్క సందులలో నుంచి ఆగక వినిపించే మరమగ్గాల చప్పుడు. ఈ వ్యాసం చదువుతున్న ఇళ్ళలో ఈ సందుల మీదుగా వచ్చిన చీర ఒక్కటైనా లేని ఇల్లు అరుదుగా ఉంటుంది.

ఈ చప్పుడులో తెలుగు మాట కలిసి చాలాకాలమైంది. తెలంగాణ పల్లెలలో చేతిమగ్గానికి పని తగ్గిన రోజులలో పద్మశాలి కుటుంబాలు షోలాపూర్, భివండి, సూరత్ పట్టణాలకు తరలివచ్చాయి. సూరత్ నగరపాలక సంస్థ ఏడు భాషలలో ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్నది. వాటిలో తెలుగు ఒకటి. మా తండ్రిగారు నాటి కరీంనగర్ జిల్లాలోని సిరిసిల్ల ప్రాంతం నుంచి 1968లో ఇక్కడికి వచ్చారు. అప్పుడు నాకు ఏడేళ్ళు. మేము మరమగ్గాలను సాంచాలంటాము. మొదట ఇతరుల సాంచాల మీద కూలికి నేసి, తరువాత నాలుగు సాంచాలకు యజమానినై, చివరికి పన్నెండింటికి ఎదిగాను. వాటర్‌జెట్ యంత్రాలు వచ్చిన తరువాత పాత సాంచాకు విలువ దాని ఇనుము బరువే. 2023లో పన్నెండింటినీ తూకానికి అమ్మివేశాను. మిగిలింది బట్ట చేరవేసే చిన్న టెంపో ఒక్కటి. అందరూ ఛోటా హాథీ అని పిలిచే రకం.

అప్పటికి మా ముందు ఒక కాగితం ఉంది. ఊళ్ళో మా తండ్రిగారి ఇంటిలో నా వాటా ఉంచుకుంటానో వదులుకుంటానో శివరాత్రి లోపల తేల్చి చెప్పమని తమ్ముడు పంపినది. "అన్నా, నువ్వు వస్తనంటే సగం కట్టించి పెడత, రానంటే నేను పిల్లల కోసం మొత్తం కట్టుకుంట" అని అతడు ఫోనులో మర్యాదగానే అన్నాడు. నా మనసు ఊరివైపే ఉంది. యాభై అయిదేళ్ళు బతికిన చోటును పరాయి చోటుగా భావించడం వలసవచ్చినవారికి ఒక అలవాటు. నా భార్య మాత్రం అవుననలేదు, కాదనలేదు. "ముందు నన్ను నారాయణ సరోవరం తీస్కపో. తర్వాత చెప్త" అన్నది. మానస, బిందు, పంప, పుష్కర, నారాయణ సరోవరాలను పంచ సరోవరాలంటారు. ఆమె చిన్నతనంలో హంపీ దగ్గర పంపను చూసింది. నారాయణ సరోవరం కచ్‌లో, దేశపు పశ్చిమాంచలాన, పాకిస్తాన్ సరిహద్దు సమీపాన ఉంది.

అమెరికా వంటి దేశాలలో ఉద్యోగ విరమణ చేసిన దంపతులు కారు వెనుక చక్రాల ఇల్లు తగిలించుకుని నెలల తరబడి తిరుగుతారట. మన దేశంలో ఆ విద్య లంబాడీలకూ లారీ డ్రైవర్లకూ తెలిసినంతగా మధ్యతరగతివారికి తెలియదు. మేము టెంపో వెనుక భాగంలో పాత సాంచా చెక్కలతో మంచం వంటి అరుగు బిగించాము. అరుగు కింద చిన్న గ్యాస్ పొయ్యి, బియ్యం, జొన్నపిండి, చింతకాయ తొక్కు, ఒక మూల యాభై లీటర్ల నీళ్ళ డ్రమ్ము, పైన టార్పాలిన్. తెరగా వేలాడదీసినది మా సాంచాల మీద నేసిన చివరి తాకాలోని గుడ్డ. సరుకు బండి వెనుక మనుషులు కూర్చుని ప్రయాణించరాదు కనుక, నడిచినంతసేపూ ఇద్దరమూ ముందు కూర్చున్నాము. ఆగినప్పుడే అది ఇల్లు.

2024లో ఉత్తరాయణం పండుగ గడిచిన మూడవనాడు బయలుదేరాము. గాలిపటాల మాంజా ఇంకా కరెంటు తీగలకు వేలాడుతూనే ఉంది. సూరత్ నుంచి భుజ్‌కు దాదాపు 600 కిలోమీటర్లు. కార్లవారు ఒక్కరోజులో వెళతారు. మా ఏనుగుపిల్లకు మూడు రోజులు పట్టింది. భరూచ్ దగ్గర నర్మదపై 1881లో కట్టిన ఇనుప వంతెన పక్కనే 2021లో తెరిచిన కొత్త వంతెన మీదుగా దాటాము. నా భార్య నదిలోకి రూపాయి విసిరి, "దీనికి గూడ మొక్కాల్నా?" అని అడిగి, నేను జవాబిచ్చేలోగా మొక్కేసింది. అహమ్మదాబాద్ గురించి చెప్పవలసినంత ఏమీ చూడలేదు. దారి తప్పి రెండు గంటలు తిరిగాము. రాత్రుళ్ళు పెట్రోలు బంకుల ఆవరణలో లారీల మధ్య నిద్రపోయాము. మా పొయ్యి మీద వంకాయ కూర వాసనకు ఒక పంజాబీ డ్రైవరు వచ్చి, తన రొట్టెలిచ్చి సగం కూర పట్టుకెళ్ళాడు.

సూరజ్‌బారీ వంతెన దాటితే కచ్. గాలిలో ఉప్పు తెలుస్తుంది. రోడ్డుకు రెండువైపులా తెల్లని ఉప్పు గుట్టలు, వాటి వెనుక మనకు సర్కారు తుమ్మగా పరిచయమైన ముళ్ళచెట్టు. కచ్ వారు దానిని గాండో బావళ్, అంటే పిచ్చితుమ్మ అంటారు. ఉప్పునేల ముందుకు రాకుండా ఆపుతుందని తెచ్చి నాటిన ఆ చెట్టు బన్నీ గడ్డిమైదానాలనే ఆక్రమించింది. పేరు పెట్టడంలో మనకంటే వారే నిజం చెప్పారనిపించింది.

భుజ్‌కు ఎనిమిది కిలోమీటర్ల ఇవతల భుజోడీ ఉంది. వణకర్ల ఊరు, అంటే నేతగాళ్ళ ఊరు. అక్కడ రెండు రోజులు ఉండిపోయాము. వారిది గుంటమగ్గం. మా తాతగారిదీ అదే. రబారీ పశుపాలకులు ఉన్ని ఇస్తే వారికి కంబళ్ళు నేసి ఇచ్చిన వృత్తి అది. ఇప్పుడు ఉన్ని శాలువాలతోపాటు, వర్షాధారంగా పండే కాలా పత్తితోనూ నేస్తున్నారు. పేరు కాలా అయినా ఆ పత్తి తెల్లనిదే. 2001 జనవరి 26 నాటి భూకంపం ఈ ప్రాంతంలో వేలాది ప్రాణాలను బలిగొన్నది. ఇళ్ళతోపాటు మగ్గాలూ కూలాయి. వృద్ధుడైన ఒక నేతగాడు నన్ను తన మగ్గం గుంటలో కూర్చోబెట్టాడు. కాళ్ళు తొక్కుడు చెక్కలను వాటంతట అవే వెదుక్కున్నాయి. నాలుగు పోగులు సరిగానే వేశాను, అయిదవదానికి నూలు తెగింది. అతడు నవ్వి, నిమిషంలో ముడివేశాడు. "నీ యంత్రం నిమిషానికి ఎన్ని పోగులు వేసేది?" అని అడిగాడు. నూటికి పైగా అన్నాను. అతడు కొంతసేపు లెక్క చూసుకుని, "అయితే నువ్వు నాకంటే ధనవంతుడివి కావాలే!" అన్నాడు. ఆ మాట ఎగతాళిగా అనలేదు. అందుకే జవాబు దొరకలేదు.

దగ్గరలోనే మాధాపర్. 1971 డిసెంబరు యుద్ధంలో పాకిస్తాన్ విమానాలు భుజ్ రన్‌వేను బాంబులతో గుంతలు చేస్తే, ఆ ఊరి స్త్రీలు సుమారు 300 మంది 72 గంటలలో దానిని బాగుచేశారు. శత్రువిమానాలకు కనబడకుండా పైన పేడ అలికారు. ఈ కథ విన్న నా భార్య యుద్ధం సంగతి వదిలి, ఆ మూడురోజులూ ఇళ్ళల్లో పిల్లలకు అన్నం ఎవరు వండారని అడిగింది. చెప్పినవారికి తెలియదు. చరిత్ర రాసేవారెవరూ అడగని ప్రశ్న అది.

ఖావ్డా దాటి కాలా డుంగర్ ఎక్కడం మా బండికి పెద్ద పరీక్ష. ఎత్తు 460 మీటర్లకు అటూఇటూగా ఉంటుంది, కాని కచ్‌లో అంతకు మించిన కొండ లేదు. మొదటి గేరులో మూలుగుతూ పోతుంటే నా భార్య దిగి, చేత పెద్ద రాయి పట్టుకుని వెనుక నడిచింది. బండి ఆగినచోటల్లా చక్రం కింద రాయి పెట్టి, కదలగానే తీసి చంకన పెట్టుకునేది. పైన దత్తాత్రేయుని గుడి ఉంది. పూజారి పళ్ళెం మోగిస్తే నక్కలు ప్రసాదానికి వస్తాయని ప్రతీతి. మేము వెళ్ళిననాడు కుక్కలు వచ్చాయి.

అక్కడి నుంచి ఉత్తరంగా చూస్తే కనుచూపుమేర తెల్లని రణ్. ఎక్కడ నేల ముగిసి ఆకాశం మొదలవుతుందో గీత కనబడదు. దేశాల గీత అసలే కనబడదు. ఈ గీత కోసమే 1965 ఏప్రిల్‌లో ఇక్కడ యుద్ధం జరిగింది. జెనీవాలో సమావేశమైన అంతర్జాతీయ ట్రిబ్యునల్ 1968 ఫిబ్రవరిలో తీర్పు చెప్పి, వివాదాస్పద ప్రాంతంలో దాదాపు తొమ్మిది వంతులు భారతదేశానికీ, ఒక వంతు పాకిస్తాన్‌కూ కేటాయించింది. పడమటి కొసన ఉన్న సర్ క్రీక్ వివాదం మాత్రం ఇంకా తెగలేదు.

ఆ రాత్రి కొండ దిగి మైదానంలో ఆగాము. జీవితంలో అంతటి నిశ్శబ్దం నేను ఎరుగను. అయితే అది నాకు దక్కలేదు. దీపం ఆర్పగానే నా చెవులలో సాంచాలు మొదలయ్యాయి. నలభై ఏళ్ళకు పైగా ఆ చప్పుడులో పనిచేసిన వారిలో అనేకులకు వినికిడి తగ్గి, చెవిలో ఎడతెగని మోత మిగులుతుంది. సలాబత్‌పురాలో బయటి రొద దానిని కప్పి ఉంచేది. ఊరికి వెళితే ప్రశాంతంగా ఉంటుందన్న నా ఊహ ఆ చీకటిలో కొంత వదులయింది. నా భార్యకు చెప్పాను. "నీకు వినవడ్తలేదని నాకెప్పుడో ఎరుక. మోత సంగతి మాత్రం ఇప్పుడే చెప్తున్నవు" అని ఆమె తన చెంగుతో నా చెవులు చుట్టింది. మోత తగ్గలేదు, వెచ్చగా ఉంది.

రణ్ మధ్యగా ఈమధ్య వేసిన రోడ్డు మీదుగా ధోలావీరా వెళ్ళి, హరప్పా కాలపు నీటి కొలనులు చూసి, వెనుదిరిగి పశ్చిమానికి సాగి లఖ్‌పత్ చేరాము. ఈ యాత్రలో నన్ను కదిలించిన చోటు ఇదే.

సుమారు ఏడు కిలోమీటర్ల పొడవైన కోటగోడ చెక్కుచెదరకుండా నిలిచి ఉంది. లోపల ఊరు లేదు. ఒకప్పుడు సింధునది పాయ ఒకటి ఇక్కడి కోరీ క్రీక్‌లోకి వచ్చేది. నావలు వచ్చేవి, చుట్టుపక్కల వరి పండేది. ఎగువన సింధు పాలకులు కట్టిన అడ్డుకట్టలతో నీరు మొదట తగ్గింది. 1801 ప్రాంతంలో జమాదార్ ఫతే మహమ్మద్ ఈ గోడ కట్టించిన కొద్దికాలానికి, 1819 జూన్ 16న భూకంపం వచ్చింది. సింద్రీ కోట నీట మునిగింది. దానికి ఉత్తరంగా 80 కిలోమీటర్లకు పైగా నేల కట్టవలె పైకి లేచింది. మనుషులు కట్టినది కాదు కనుక జనం దానిని అల్లా బండ్, దేవుని కట్ట, అన్నారు. నది ఇక ఇటు రాలేదు. వర్తకులు వెళ్ళిపోయారు. ఇప్పుడున్నవి కొద్ది కుటుంబాలు, గురునానక్ బసచేశారని చెప్పే ఒక గురుద్వారా, గౌస్ మహమ్మద్ నల్లరాతి సమాధి, గోడ మీద కాపలా కాసే సరిహద్దు భద్రతా దళం.

మేకలు కాస్తున్న ఒక ముసలామెతో నా భార్య వచ్చీరాని గుజరాతీలో మాట కలిపింది. అందరూ పోతే మీరెందుకు ఉన్నారని అడిగింది. ఆమెకు ప్రశ్న వింతగా తోచినట్లుంది. "మేకలు ఇక్కడున్నాయి కదా" అన్నది.

గోడ మీద కూర్చుని మా వాళ్ళ కాగితం గురించి ఆనాడే మాట్లాడుకున్నాము. నా భార్య మొదటిసారి పూర్తిగా చెప్పింది. "నువ్వు ఊరంటే నీ చిన్నతనం యాదికొస్తది. నాకు పెండ్లయినంక నెల రోజులే ఆ ఊరు. అక్కడికి పోతే సూరత్ నుంచి వచ్చినామె అంటరు. ఈడ నా దగ్గర ఎనిమిదిమంది ఆడోళ్ళు చీరల దారాలు కత్తిరిస్తరు. పొద్దుగాల వాళ్ళొచ్చి తలుపు కొడ్తరు. ఆడ ఎవరు కొడ్తరు?" ముప్పై ఏళ్ళుగా మా ఇంటి ముందు గదిలో చీరకు ఇంత చొప్పున సాగుతున్న ఆ పనిని నేను ఖర్చులకు వచ్చే చిల్లరగానే చూశాను. ఊళ్ళో కట్టబోయే ఇంటిలో దక్షిణం వైపు గది, వేపచెట్టు, చావడి, అన్నీ లెక్కవేసుకున్న నేను ఆమె చేతిపనికి చోటు లెక్కవేయలేదు. వెంటనే ఒప్పుకోలేదు, తండ్రి ఇల్లు వదులుకోవడం మాటలు కాదు. చీకటి పడి జవాను వచ్చి దిగమనే దాకా వాదించుకున్నాము.

మరునాడు నారాయణ సరోవరంలో ఆమె స్నానం చేసింది. అక్కడికి దగ్గరలో కోటేశ్వర్. సముద్రపు పాయ అంచున శివాలయం, దాని అవతల బురద, ఉప్పునీరు, గస్తీ పడవలు. కాపలా జవాను మా కార్డులు చూసి, మా పేర్లు తెలుగువిగా గుర్తుపట్టి, తెలుగులోనే మాట్లాడాడు. శ్రీకాకుళం జిల్లా అబ్బాయి. "ఏ ఊరు బాబాయి మీది?" అన్నాడు. నేను సిరిసిల్ల అన్నాను. అదే క్షణాన నా భార్య సలాబత్‌పురా అన్నది. అతడు కార్డుల మీది చిరునామా చూసి, ఆమె వైపు తలూపి, కార్డులు ఆమె చేతికిచ్చాడు.

తిరుగు ప్రయాణంలో భుజోడీలో మళ్ళీ ఆగాము. ఆ వృద్ధుని దగ్గర నా భార్య తన దారాల డబ్బుతో ఒక శాలువా కొన్నది. తమ్ముని భార్యకట. ధర విషయంలో ఇద్దరూ అరగంట బేరమాడారు. సలాబత్‌పురాలో ముప్పై ఏళ్ళు బతికిన మనిషి ముందు అతడు నిలవలేకపోయాడు. తమ్మునికి నేను అక్కడి నుంచే ఫోను చేశాను. మొత్తం కట్టుకొమ్మని, సంవత్సరానికొకసారి వచ్చినప్పుడు పడుకోవడానికి బండి పెట్టుకునేంత జాగా వాకిట్లో వదలమని చెప్పాను. ఎంత వెడల్పు కావాలని అడిగాడు. టేపు తీసి కొలిచి చెప్పాను: అయిదడుగులు.