రెండో డికాషన్

ఒక కాఫీ మిషను కొనడం గురించి ఇంత రాయాలా అని నాకే అనిపించింది. మన పత్రికల్లో రాయడానికి ఇంతకంటే పెద్ద సంగతులు లేవా అనీ అనిపించింది. కానీ ఆ మిషను మా వంటింట్లోకి వచ్చిన ఈ ఎనిమిది నెలల్లో నా గురించి నాకు తెలిసిన ఒక విషయం అంత గొప్పదేం కాదు. అందుకే రాస్తున్నాను.

మాది సూర్యాపేట దగ్గర పల్లె. మా ఇంట్లో చాయ్ తప్ప కాఫీ ఎరగం. 1988లో పెళ్ళయి దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దె ఇంటికి కాపురానికి వచ్చాకే కాఫీ అంటే ఏమిటో తెలిసింది. మా ఆయన వాళ్ళది గుంటూరు వైపు. కులాలు వేరు, ప్రాంతాలు వేరు. ఊరేగింపుల్లో కలుసుకుని, సభలో దండలు మార్చుకుని చేసుకున్న పెళ్ళి. పురోహితుడు లేడు, కట్నం లేదు, అప్పగింతలు లేవు. కానీ మూడో రోజు పొద్దున్న అయిదింటికి ఇత్తడి ఫిల్టరు మాత్రం నా చేతికే వచ్చింది.

ఫిల్టరు కాఫీ తాగేవాళ్ళందరికీ తెలుసు కదా, అది కాఫీ కాదు, ఒక క్రమశిక్షణ. పై గిన్నెలో పొడి వేసి చిల్లుల బిళ్ళతో నొక్కాలి. మరీ నొక్కితే డికాషన్ దిగదు, నొక్కకపోతే నీళ్ళలా దిగిపోతుంది. మరిగే నీళ్ళు పోసి మూత పెట్టి, పావుగంటో ఇరవై నిమిషాలో ఆగాలి. ఆ మొదటి డికాషన్ మామయ్యకీ, మా ఆయనకీ, వచ్చిన వాళ్ళకీ. తర్వాత అదే పొడి మీద మళ్ళీ నీళ్ళు పోస్తే దిగే పల్చటిది రెండో డికాషన్. అది అత్తయ్యకీ నాకూ. ఎవరూ అలా తాగమని శాసించలేదు. అత్తయ్య ముప్ఫై ఏళ్ళుగా అదే తాగుతోంది, పక్కన కూర్చుని నేనూ తాగాను. కాఫీ అసలు రుచి ఏమిటో నాకు కాలేజీ స్టాఫ్ రూములో తెలిసింది. క్లాసులో విమల ‘వంటిల్లు’ కవిత గురించి చెప్పి, చప్పట్లు కొట్టించుకుని, ఇంటికొచ్చి రెండో డికాషన్ తాగిన దాన్ని నేను!

తర్వాత ఎల్బీనగర్ వైపు, విక్టోరియా మెమోరియల్ దగ్గర ఫ్లాటు కొనుక్కున్నాం. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట - ఎల్బీనగర్ మెట్రో మొదలయ్యాక కాలేజీ ప్రయాణంలో నాకు రోజూ ముప్పావుగంట మిగిలింది. ఆ ముప్పావుగంట నిద్రకి పోలేదు, ఇంకో కూరకి పోయింది. 2019లో ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు చేస్తున్నారని తేలింది. ఆ అంకెల మీద నేను ఒక సెమినార్‌లో పేపరు కూడా చదివాను. డికాషన్ దిగేదాకా ఆగే ఇరవై నిమిషాలు ఆ 299లో ఉన్నాయో లేవో మాత్రం ఆలోచించలేదు.

మామయ్య, తర్వాత అత్తయ్య పోయారు. రెండేళ్ళ క్రితం నేను రిటైరయ్యాను. పొద్దున్నే లేవాల్సిన పని లేకపోయినా అయిదింటికే మెలకువ వచ్చేది. ఒకరోజు లేవలేదు. ఏడింటికి మా ఆయన గదిలోకి వచ్చి, “ఒంట్లో బాలేదా?” అన్నారు. ఎంతో ప్రేమగానే అన్నారు. ఆ గొంతులో నా ఆరోగ్యం ఎంతో, రాని కాఫీ ఎంతో నాకు తేల్చుకోవడం కుదర్లేదు. ఆ వారమే బెంగుళూరులో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేసి, వాళ్ళింట్లో ఉండే చిన్న మిషను లాంటిది నాకూ కావాలన్నాను. పాడ్ వేసి మీట నొక్కితే ఒక్క కప్పు కాఫీ ఇచ్చే మిషను అది.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఒక ఎలక్ట్రానిక్స్ షాపుకి ఒక్కదాన్నే వెళ్ళాను. సేల్స్ అబ్బాయి ముందు నా వెనక చూశాడు, సార్ వస్తున్నారేమోనని. తర్వాత, “ఇది ఫ్యామిలీకి సెట్ కాదు మేడమ్. ఒక్క కప్పే వస్తది. బ్యాచిలర్స్ తీస్కుంటరు” అన్నాడు. “నాకు ఒక్క కప్పే కావాలి బాబూ” అన్నాను. ఆ మాట పైకి అనేసరికి ఏదో తప్పు చేస్తున్నట్టు గుండె దడదడలాడింది. అరవై దాటిన ఆడది తనకొక్కదానికే కాఫీ కావాలనడం ఈ ఊళ్ళో అంత వింతా? ఆ షాపు వెనక సందుల నిండా ఆడపిల్లల హాస్టళ్ళే. కోచింగులకి వచ్చిన ఆ పిల్లలు రెండు రూపాయల ఇన్‌స్టంట్ కాఫీ సాషే చింపి, వార్డెన్‌కి తెలియకుండా కెటిల్‌లో నీళ్ళు కాచుకుని, ఎవరి గ్లాసు వాళ్ళు కలుపుకుంటారు. ఒకరి కోసం ఒక కప్పు అనే విద్య దిల్‌సుఖ్‌నగర్‌కి పాడ్‌ల కంటే ముందే వాళ్ళు తెచ్చారు. మా స్టూడెంట్లే. వాళ్ళ దగ్గర నేనే ఆలస్యంగా నేర్చుకున్నాను.

ఎంచుకునేటప్పుడు మా అమ్మాయి చెప్పిన మాటలు పనికొచ్చాయి. మిషను అందం చూడకు, దానికి ఏ పాడ్ పడుతుందో చూడు అంది. ఒక్కో పద్ధతికి ఒక్కో ఆకారం పాడ్. ఒక దాంట్లోది ఇంకో దాంట్లో పట్టదు. మిషను ఒకసారే కొంటాం, పాడ్‌లు బతికినన్నాళ్ళూ కొనాలి. పెళ్ళి లాంటిదే! అందుకే రెండు మూడు కంపెనీల పాడ్‌లు పట్టే రకం తీసుకున్నాను. జానెడు వెడల్పు. మిక్సీ పక్కన ఇమిడిపోయింది. వెనక ముప్పావు లీటరు కంటే తక్కువ పట్టే నీళ్ళ డబ్బా. లోపల సూదులు పాడ్‌ని గుచ్చుతాయి, పంపు వేడినీళ్ళని పెద్ద ఒత్తిడితో అందులోకి తోస్తుంది. ఆ ఒత్తిడికి ముందువైపు రేకు చిట్లి, అరనిమిషంలో నలభై మిల్లీలీటర్ల చిక్కటి కాఫీ దిగుతుంది. మన ఫిల్టరులో నీళ్ళు తమ బరువుతో తాము దిగాలి కాబట్టి ఇరవై నిమిషాలు. తేడా అంతే.

ఈ పాడ్‌ని కనిపెట్టింది స్విట్జర్లాండ్‌లో నెస్లే కంపెనీ ఇంజనీరు ఎరిక్ ఫావ్ర్. ఇటలీ అమ్మాయి అయిన ఆయన భార్య అన్నా మారియా, మీ స్విస్ వాళ్ళ కాఫీ ఏం కాఫీ అని ఆటపట్టించేదట. ఇద్దరూ రోమ్ వెళ్ళి అక్కడి కాఫీ హోటళ్ళలో ఎలా చేస్తారో గమనించారట. 1976లో పేటెంటు వచ్చింది, 1986లో నెస్ప్రెస్సో పేరుతో బజారుకొచ్చింది. పేటెంటు ఆయనది, ఎత్తిపొడుపు ఆమెది. అంతకు ముందే, 1908లో, డ్రెస్డెన్‌లో మెలిట్టా బెంట్జ్ అనే గృహిణి కాఫీలో మడ్డి భరించలేక, కొడుకు నోటుపుస్తకంలోని అద్దుడు కాగితం చింపి, చిల్లులు పెట్టిన గిన్నెలో వేసి వడకట్టింది. పేటెంటు తన పేరుతోనే తీసుకుని కంపెనీ పెట్టింది. రోజూ ఆ పని చేసే చేతికే దాని ఇబ్బంది తెలుస్తుంది. పేరు మాత్రం ఎప్పుడో గాని దక్కదు.

మా ఇంట్లో మొదటివారం పండగే. నేను నా కప్పు కాఫీ పట్టుకుని, మొదటి డికాషన్ అన్నమాట, బాల్కనీలో కూర్చున్నాను. మా ఆయన, “ఒక్క కప్పుకి ఇంత హంగామా?” అని నవ్వారు. నాలుగో రోజు తనే మీట నొక్కారు. ముప్ఫై ఆరేళ్ళలో ఆయన చేసుకున్న మొదటి కాఫీ! నేను పొంగిపోయి అమ్మాయికి ఫోటో పంపాను. నెల తిరిగేసరికి తెలిసింది, ఆయన చేస్తున్నది మీట నొక్కడమే. నీళ్ళ డబ్బా నింపేది నేను. వాడేసిన పాడ్‌ల ట్రే ఖాళీ చేసేది నేను. పాడ్‌లు అయిపోతున్నాయని గుర్తుపెట్టుకునేది నేను. మిషను పాలు కాచదు కాబట్టి పాలగిన్నె అలాగే ఉంది, అది పొంగకుండా చూసేదీ నేనే. కృష్ణా నీళ్ళు రాని రోజున బోరు నీళ్ళు పోస్తే లోపల తెల్లటి పొర కడుతుంది. రెండు మూడు నెలలకోసారి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళతో దాన్ని కడిగేదీ నేనే. చేతిపని తగ్గింది గాని, తలలో పని అలాగే ఉంది. ఒకరోజు నీళ్ళ డబ్బా ఖాళీగా వదిలేశాను. “ఇది పనిచెయ్యట్లేదు” అన్నారు. “ఏది?” అన్నాను. కాసేపటికి అర్థమై తనే నింపుకున్నారు. ఇంతవరకూ రాసి ఆపేస్తే ఇది మనందరికీ నచ్చే వ్యాసమే.

అసలు సంగతి ఇది. మా ఇంట్లో పనిచేసే ఆమె దేవరకొండ వైపు నుంచి వచ్చింది. తొమ్మిదేళ్ళుగా పొద్దున ఏడింటికి వస్తుంది. ఫిల్టరు ఉన్నన్నాళ్ళూ ఆమెకీ కాఫీ ఇచ్చేదాన్ని. ఏ డికాషనో వేరే చెప్పక్కర్లేదు. అత్తయ్య పోయాక మొదటిది నాకొచ్చింది, నా రెండోది ఆమెకి వెళ్ళింది. మిషను వచ్చాక రెండో డికాషన్ అనేదే లేదు. ఒక్కో పాడ్ నాకు యాభై అయిదు రూపాయలు పడుతోంది. అదే కప్పు ఫిల్టరు కాఫీకి పొడి ఖర్చు పన్నెండు రూపాయలు దాటదు. ఆమె వచ్చే వేళకి నా చెయ్యి దానంతటదే ఇన్‌స్టంట్ కాఫీ సాషే వైపు వెళ్ళింది. ఒకరోజు కాదు, నాలుగు నెలలు. ఒక ఉదయం ఆమె ట్రే ఖాళీ చేస్తూ, వాడేసిన పాడ్‌లని అరచేతిలో పెట్టుకుని, “గివేందమ్మా, గోళీల లెక్కున్నయ్? గియి ఒక్కొక్కటి ఎంత?” అంది. నేను “ఇరవై” అన్నాను.

అబద్ధం ఎందుకు చెప్పాను? ఆ రోజంతా అదే ఆలోచన. ధర తెలిస్తే ఆమె ఏమనుకుంటుందోనని కాదు. ఆమె కాఫీకి నేను ఎంత వెల కట్టానో ఆమెకి తెలిసిపోతుందని. ముప్ఫై ఏళ్ళు నాకు రెండో డికాషన్ ఇచ్చిన ఇంటి మీద నాకున్న కోపం, ఆ గ్లాసు ఇంకొకరికి అందించేటప్పుడు ఏమైపోయింది? మా పుట్టింటి చాయ్‌లో మొదటిదీ రెండోదీ ఉండదని గొప్పగా చెప్పుకునేదాన్ని. నిజమే, ఒక్క గిన్నెలోదే అందరికీ. కానీ పాలేరు గ్లాసు చూరులో విడిగా ఉండేదిగా! అది కూడా గుర్తుకొచ్చింది.

మర్నాడు ఆమె రాగానే కూర్చోబెట్టి, పాడ్ వేసి, కప్పులో పాలు కలిపి ఇచ్చాను. ధర కూడా నిజమే చెప్పాను. ఆమె ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. “వశపడని చేదుందమ్మా. నాకు చాయే పొయ్యుండ్రి.” ఇద్దరం నవ్వాం. నా మనసు తేలికపడబోయింది గాని, ఆమె కప్పు పక్కన పెట్టి, “యాభై అయిదు రూపాయల కాఫీ నాకెందుకమ్మా, ఐతారం లీవియ్యరాదు” అంది.

తొమ్మిదేళ్ళలో నేను వారానికో సెలవు ఇవ్వలేదు. పండగలకిచ్చాను, జ్వరమొస్తే ఇచ్చాను, ఇచ్చినప్పుడల్లా ఎంత మంచిదాన్నో అనుకున్నాను. గృహ కార్మికులకి వారానికి వరుసగా 24 గంటల విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో తెచ్చిన 189వ ఒడంబడిక చెప్తుంది. మన దేశం దాన్ని ధ్రువీకరించలేదని నేను సభల్లో మాట్లాడాను కూడా. నేనూ ధ్రువీకరించలేదు మరి!

ఇప్పుడు మిషను ఇంకా ఉంది. వాడేసిన పాడ్‌ని చెత్త బండి అమ్మాయి ఏ బుట్టలో వెయ్యాలో తెలియక నన్నడిగింది. అల్యూమినియమే గాని లోపల తడి కాఫీ ఉండబట్టి పాత సామాన్ల వాళ్ళు తీసుకోరు. కోసి, కడిగి ఇవ్వాలంటే మళ్ళీ ఏ ఆడమనిషి చేతులో కావాలి. 2016లో జర్మనీలోని హాంబర్గ్ నగరం తన ప్రభుత్వ కార్యాలయాలకి ఇలాంటి పాడ్‌లు కొనడం ఆపేసిందని అప్పుడెప్పుడో చదివాను. అందుకని మళ్ళీ మళ్ళీ నింపుకునే స్టీలు పాడ్ తెప్పించాను. మొదట ఇంట్లో ఉన్న చికోరీ కలిపిన ఫిల్టరు పొడి వేస్తే జిగురుకట్టి నీళ్ళు దిగలేదు. ఇప్పుడు చికోరీ లేని అరకు పొడి, కొంచెం బరకగా పట్టించింది వేస్తున్నాను. 2019లో భౌగోళిక గుర్తింపు దక్కిన కాఫీ అది. చలికాలంలో ఆ పళ్ళని ఒక్కొక్కటిగా కోసే ఆదివాసీ స్త్రీలకి కప్పుకి ఎంత దక్కుతుందో అన్న ప్రశ్న స్టీలు పాడ్‌తో తీరదని నాకు తెలుసు.

ఆమె ఇప్పుడు ఆదివారాలు రాదు. జీతం కొయ్యలేదు. మొదటి ఆదివారం మా ఆయన కాఫీ చేసుకుని, కప్పు తెచ్చి సింకులో పెట్టి, పేపరు చదువుకున్నారు. గిన్నెలు సాయంత్రం దాకా అలాగే ఉన్నాయి. నేను కడగలేదు. కడగమని కూడా అనలేదు. లోపల గదిలో కూర్చుని ఈ వ్యాసం మొదటి పేజీ రాసుకుంటున్నాను. రాత్రి ఎనిమిదింటికి వంటింట్లో కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది.